బ్యాటరీ మీద ‘100 ఏహెచ్’ అని ఉంటే చాలా? ఆటోకు వేయించే ముందు ఈ లెక్క చూసుకోండి

నరసరావుపేట: బ్యాటరీ ఆటోకు కొత్త సెట్ వేయించాలంటే మాటలు కాదు. చీటీ డబ్బో, చేబదులో, ఇంట్లో ఆడవాళ్లు దాచుకున్నదో బయటికి తీయాల్సిందే. షాపులో ‘100 ఏహెచ్ భాయ్, రోజంతా తిరగొచ్చు’ అంటారు. తీరా చూస్తే జుహర్ నమాజు వేళకే బండి నీరసపడిపోతుంది. నకిలీ బ్యాటరీ అంటగట్టారేమో అని అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు బ్యాటరీలో మోసం ఉండదు. దాని మీద ఉన్న అంకెను మనం సగమే చదివి ఉంటాం.

నాలుగు కలిపితే 400 కాదు

ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. ఎన్ని ఆంపియర్ల కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే కొలత. ఆటోలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలుపుతారు. అలా కలిపితే వోల్టులు పెరిగి 48 అవుతాయి. ఏహెచ్ మాత్రం 100 దగ్గరే ఉంటుంది. 400 ఏహెచ్ అనుకుంటే పొరపాటు.

అసలు నిల్వ ఎంతో తెలియాలంటే వోల్టులను ఏహెచ్‌తో గుణించాలి. 48 ఇంటూ 100 అంటే 4,800 వాట్ అవర్లు. కరెంటు బిల్లు భాషలో 4.8 యూనిట్లు. స్కూటర్ కొనేటప్పుడూ ఇదే లెక్క. 48 వోల్టుల 35 ఏహెచ్ కన్నా 60 వోల్టుల 30 ఏహెచ్ బ్యాటరీయే పెద్దది. మొదటిది 1,680, రెండోది 1,800 వాట్ అవర్లు. ఒక్క ఏహెచ్ చూసి కొంటే చిన్నదాన్ని పెద్దదనుకుంటాం.

తిరకాసు అంతా గంటల్లోనే

ఏహెచ్ పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అనో, సీ5 అనో ఉంటుంది. చాలామంది చూడనిది అదే. 100 ఏహెచ్ సీ20 అంటే 5 ఆంపియర్ల చొప్పున నిదానంగా వాడితే 20 గంటలు వస్తుందని అర్థం. 100 ఏహెచ్ సీ5 అంటే 20 ఆంపియర్ల చొప్పున లాగినా 5 గంటలు ఇస్తుందని.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే, అది ఇచ్చే మొత్తం అంత తగ్గిపోతుంది. ఈ తగ్గుదలకు జర్మనీ శాస్త్రవేత్త పాయికెర్ట్ 1897లోనే సూత్రం చెప్పారు. ఆటో మోటారు 5 ఆంపియర్లతో నడవదు. 1,200 వాట్లు లాగుతుంటే 48 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు పోతాయి. అంత జోరుగా లాగితే సీ20 లెక్కలో 100 అని రాసిన బ్యాటరీ 70 నుంచి 75 ఏహెచ్ దాకే ఇస్తుంది.

అదీ పూర్తిగా వాడకూడదు. రోజూ అడుగంటా ఖాళీ చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. 80 శాతం దగ్గర ఆపితే చేతికొచ్చేది 58 ఏహెచ్ అటూఇటూ. అంటే ఆగకుండా 25 ఆంపియర్లు లాగితే దాదాపు 2 గంటల 20 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల లెక్కన 45 కిలోమీటర్ల పైచిలుకు. షాపులో చెప్పిన ‘నాలుగు గంటలు’ 4,800ను 1,200తో భాగిస్తే వచ్చిన కాగితం లెక్క.

ఊళ్లో ఖాళీగా, ఆగుతూ తిరిగితే ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. నిండా జనంతో కోటప్పకొండ ఘాట్ ఎక్కితే తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, ఆగిన బండి కదిలేటప్పుడూ మోటారు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది.

లిథియం అయితే?

లిథియం బ్యాటరీలో ఈ తగ్గుదల చాలా తక్కువ. రాసిన దాంట్లో ఎక్కువ భాగం చేతికొస్తుంది, బరువూ తక్కువ. అందుకే అదే ఏహెచ్‌తో ఎక్కువ దూరం వెళ్తుంది. అయితే లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. మోటారు అడిగే కరెంటు దాని పరిమితి దాటితే సరఫరా ఆపేస్తుంది. బండి ఎత్తు మధ్యలో నిలిచిపోతుంది. కాబట్టి ఏహెచ్‌తో పాటు ‘ఎన్ని ఆంపియర్ల దాకా ఇస్తుంది’ అని కూడా అడగాలి. పాత ఛార్జర్ పనికిరాదు, లిథియంకు సరిపోయేదే వాడాలి.

ఎండ సంగతి

వేసవి వస్తే రెంటచింతల పేరు వార్తల్లో వినబడే జిల్లా మనది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడి ఎప్పుడూ 8 నుంచి 10 డిగ్రీలు ఎక్కువగా ఉంటే, దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మధ్యాహ్నం నీడలో ఆపడం, తిరిగొచ్చాక కాసేపు చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టడం, నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడటం ఖర్చులేని పనులు. ఛార్జింగ్ పెట్టే చోట గాలి ఆడాలి. పిల్లలు పడుకునే గదిలో అసలే వద్దు.

డబ్బు కట్టే ముందు

కారు సెల్ఫ్ స్టార్ట్ బ్యాటరీ చవగ్గా వస్తోందని ఆటోకు వేయించొద్దు. అది కొన్ని క్షణాలు గట్టిగా ఇవ్వడానికి తయారైంది, గంటల తరబడి లాగితే కొద్ది రోజులకే చచ్చిపోతుంది. పాతవాటితో ఒక్క కొత్త బ్యాటరీ కలపొద్దు. సెట్‌లో బలహీనమైనదే మొత్తం బండిని ఆపేస్తుంది.

షాపులో ఒక్క మాట అడగండి: ‘భాయ్, ఈ 100 ఏహెచ్ సీ20లోనా, సీ5లోనా?’ ఒకటి సీ20, ఇంకొకటి సీ5 అయితే రెండూ ఒకటే సైజు కాదు. సీ5లో 100 అని రాసింది ఆటోకు నిజంగా పెద్ద బ్యాటరీ, ధర కాస్త ఎక్కువున్నా లాభమే. జవాబు నోటిమాటగా వద్దు, బ్యాటరీ మీదే చూపించమనండి. తయారీ తేదీ, వారంటీ నెలలు బిల్లు మీద రాయించుకోండి. రేపు మధ్యాహ్నం బండి ఆగితే షాపులో పనికొచ్చేది ఆ కాగితమే.