కోయ డోలీల కథాగానం: శ్రమ, గౌరవం, ప్రతిఫలం

వ్యాససంగ్రహం:
ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతంలో కోయల వంశచరిత్రను గానం చేసే డోలీల వృత్తిని ఈ వ్యాసం శ్రమ దృష్టితో పరిశీలిస్తుంది. సంప్రదాయంలో హక్కుగా అందిన ప్రతిఫలం ఆధునిక వ్యవస్థలో దయగా, పురస్కారంగా మారిన తీరును, ఈ మార్పులో పరిశోధకుల బాధ్యతను చర్చిస్తుంది.

కీలకపదాలు: కోయ డోలీలు, పడిగె, ఆశ్రిత కళాకారులు, ప్రదర్శకుల హక్కులు, తునికాకు, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం

వేసవి మొదలుకాగానే భద్రాచలం ఏజెన్సీలో తునికాకు సేకరణ ప్రారంభమవుతుంది. తెల్లవారకముందే అడవికి వెళ్ళి కోసుకొచ్చిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. కల్లేదారు కట్టలు లెక్కించి పుస్తకంలో రాసుకుంటాడు. వెయ్యి కట్టలు కలిస్తే ఒక స్టాండర్డు బస్తా. 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార క్రమబద్ధీకరణ చట్టం తరువాత తునికాకు వ్యాపారం ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1980ల నుంచి సాగిన పోరాటాల ఒత్తిడితో కట్ట ధర పెరుగుతూ వచ్చింది. అమ్మకాల నికర ఆదాయం నుంచి సేకరణదారులకు బోనస్ ఇచ్చే పద్ధతీ ఏర్పడింది. ధర న్యాయమైనదా కాదా అన్న వాదం ఏటా జరుగుతూనే ఉంటుంది. అయితే వాదించడానికి ఒక ధర, లెక్కించడానికి ఒక కట్ట ఉన్నాయి.

అదే గూడెంలో వేల్పు కొలుపు జరిగే రాత్రి డోలు వాయిస్తూ తరతరాల వంశకథను గానం చేసే డోలికి అటువంటి లెక్క లేదు. అతడు చేస్తున్నది పని అన్న గుర్తింపే కాగితం మీద లేదు. దానిని కళ అంటారు, ఆచారం అంటారు, ఇటీవలి కాలంలో వారసత్వ సంపద అని కూడా అంటున్నారు. ఈ మూడు మాటలూ గౌరవవాచకాలే. మూడింటిలోనూ కూలి ప్రసక్తి రాదు.

2. డోలి చేసే పని

కోయ సమాజం గట్లుగా, గట్లలోని ఇంటిపేర్లుగా విభజితమై ఉంటుంది. ఏ గట్టుకు ఏ ఇలవేల్పు, ఆ వేల్పు ఎక్కడ పుట్టి ఏ దారిన వచ్చింది, ఎవరికి ఎవరితో వియ్యం కుదురుతుంది అన్న విషయాలు కోయలకు కేవలం పురాణాలు కావు. పెళ్ళి సంబంధం కుదుర్చుకోవడానికి, వేల్పును కొలవడానికి నిత్యం అవసరమయ్యే సమాచారం అది. లిపి లేని సమాజంలో ఈ సమాచారాన్ని భద్రపరచే బాధ్యత డోలీలది. వేల్పు కొలుపుల్లోను, చావుకు సంబంధించిన కర్మల్లోను వారి గానం తప్పనిసరి అంగం. బొమ్మలున్న గుడ్డ పడిగెను విప్పి, ఒక్కొక్క బొమ్మను ఆధారం చేసుకుని కథను నడుపుతారు. పడిగెను బొమ్మల పటంగా మాత్రమే వర్ణించడం పరిపాటి. దానిని విషయసూచికగా చూడడం మరింత సమంజసం, ఎందుకంటే బొమ్మ చూపేది శీర్షికనే, అధ్యాయం మొత్తం కథకుడి జ్ఞాపకంలో ఉంటుంది. కథకుడు లేని పడిగె మ్యూజియం అద్దాల వెనుక మూగదవుతుంది.

పనికి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నకు డోలి వృత్తి స్పష్టమైన సమాధానం ఇస్తుంది. అది వినేవారి అవసరం నుంచి వస్తుంది. అతడి శ్రోతలు టికెట్టు కొన్న ప్రేక్షకులు కారు, కథలోని పాత్రల వారసులు. తమ ఇంటి పూర్వీకుడి పేరు తప్పిపోతే ఊరుకోరు. తెలంగాణలోని ఇతర ఆశ్రిత కళారూపాల్లోనూ, ఆదిలాబాదు రాజగోండుల కథలు పాడే పర్ధాన్లలోనూ ఇదే సంబంధం కనబడుతుంది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో గోండుల పురాణాలను నమోదు చేసినప్పుడు పర్ధాన్ల గానమే ఆయనకు ప్రధాన ఆధారాల్లో ఒకటి.

ఈ సంబంధాన్ని ఆదర్శీకరించడం పొరపాటు. ఆశ్రితులు అనే మాటలోనే అంతస్తు తేడా ఉంది. కథ లేకపోతే కొలుపు జరగదు, అయినా కథకుడు పోషకులతో సమానుడు కాడు. అయితే ఆశ్రిత కులాల పరిభాషలో ‘మిరాశి’ అనే మాట గమనించదగ్గది. ఫలానా ఊళ్ళలో, ఫలానా ఇళ్ళలో అడిగి తీసుకునే వంశపారంపర్య హక్కు అది. ధాన్యమైనా, బట్టలైనా, పశువైనా ఇచ్చేవారు తమ బాధ్యతగా ఇచ్చారు, తీసుకునేవారు తమ వాటాగా తీసుకున్నారు. అడగడం భిక్ష కాదు. నేటి కళాకారుడు కోల్పోయింది ప్రధానంగా ఈ అడిగే హక్కునే.

3. తెగిన దారులు

మిరాశి నిలవాలంటే పోషక గ్రామాలు అందుబాటులో ఉండాలి. తూర్పుగోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు మరో రాష్ట్రంలోకి వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. బదిలీ అయిన మండలాల్లో చింతూరు, కూనవరం వంటివి 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. గట్టుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. కళాకారుల గుర్తింపు కార్డుకు, పింఛనుకు, ఆశ్రమ పాఠశాలలోని బోధనాంశానికి మాత్రం అది తెలుసు. నిర్వాసిత కాలనీలకు తరలిన కుటుంబాలు ఇలవేల్పు స్థలానికి దూరమైనప్పుడు కొలుపు తగ్గుతుంది, దానితోపాటు డోలి పిలుపూ తగ్గుతుంది.

మరోవైపు మణుగూరు బొగ్గు గనులు, సారపాక కాగితం మిల్లు, ఖమ్మం మిరప తోటలు రోజుకూలి ఇచ్చే పనులను దగ్గరకు తెచ్చాయి. యువకుడు డోలు వదిలి మిరపకాయలు కోయడానికి వెళ్తే సంప్రదాయం పట్ల నిర్లక్ష్యమని తీర్మానించేవారు ఒక లెక్క మరిచిపోతారు. కథ నేర్వడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో కుటుంబాన్ని ఎవరు పోషిస్తారు?

4. పురస్కారం, జీతం

మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు డోలి కళ తొలిసారిగా దేశమంతటా వార్త అయింది. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను, తెలుగులోను గానం చేయగలిగిన ఆయన 2024 జూన్ 23న మరణించారు. కోట్లమంది తరలివచ్చే మేడారం జాతర 1996లోనే రాష్ట్ర పండుగ అయింది. ఆ జాతరకు మూలమైన కథను మోసిన గొంతుకు గుర్తింపు రావడానికి మరో ఇరవై ఆరేళ్ళు పట్టింది.

అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య 2024లో హైదరాబాదు శివార్లలోని తుర్కయంజాల్‌లో నిర్మాణ కూలీగా కనిపించడం పెద్ద వార్తగా వచ్చింది. ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతు అప్పటికే రాష్ట్రమంతా విన్నది. కీర్తికీ జీవనానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ ఉదంతం చూపుతుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. నెలవారీ చెల్లింపు ఒక్కసారి ఇచ్చే నగదుకన్నా మేలైనదే. అయినా అది శిఖరానికి చేరిన ఒక్కరికి అందేది. పక్కన తాళం వేసేవారికి, కథ నేర్చుకుంటున్న కుర్రవాడికి దానితో సంబంధం లేదు. డోలి గానం బృందంగా సాగుతుంది, పురస్కారం వ్యక్తిని వెతుకుతుంది.

కళాకారులకు జీతం ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులు నెలజీతం మీద నియమితులయ్యారు. పథకాలను ప్రచారం చేసే పాటకు జీతం ఏర్పడింది. వంశచరిత్రను కాపాడే పాటకు ఏర్పడలేదు.

చెల్లింపు పవిత్రతను చెరుపుతుందన్న అభ్యంతరం పూర్తిగా కొట్టివేయదగినది కాదు. సాంస్కృతిక వేదికలపై పది నిమిషాలు కేటాయించినప్పుడు డోలు మోత మిగులుతుంది, కథ పోతుంది. కానీ ఆ నష్టానికి కారణం డబ్బు కాదు, దేనికి డబ్బు ఇస్తున్నారన్నది. నిమిషాలకు ఇస్తే నిమిషాలే దొరుకుతాయి. పూర్తి రాత్రి కథకు, శిష్యుడికి నేర్పిన ఒక గట్టు చరిత్రకు ప్రతిఫలం నిర్ణయిస్తే దొరికేది వేరుగా ఉంటుంది.

5. చట్టం, పరిశోధకుడు

కాపీరైటు చట్టం, 1957 ‘ప్రదర్శకుడు’ అన్న మాటను విస్తృతంగా నిర్వచించింది. నటులు, గాయకులతోపాటు గారడీ చేసేవారు, పాములాడించేవారు కూడా అందులో ఉన్నారు. ఉపన్యాసం ఇచ్చే వ్యక్తీ ఉన్నాడు. కళాశాల అధ్యాపకుడికీ డోలికీ చట్టంలో ఒకే పీట అన్నమాట. 2012 సవరణతో చేరిన 38ఎ సెక్షన్ ప్రదర్శనను రికార్డు చేసుకునే ప్రత్యేక హక్కును, వాణిజ్య వినియోగంలో రాయల్టీని ప్రదర్శకుడికి ఇచ్చింది. 38బి సెక్షన్ తన పేరుతో గుర్తింపు పొందే హక్కును ఇచ్చింది. అయితే సమాజమంతటికీ చెందిన కథకు ఈ చట్టంలో యజమాని లేడు, రక్షణ అందేది ఆనాటి ప్రదర్శనకే. అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(1)(కె) నిబంధన సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సామూహిక హక్కును గుర్తించింది. 1996 నాటి పెసా చట్టం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఈ రెంటినీ భూమి, ఇసుక, వెదురు విషయాల్లో ఉదహరించినంతగా కథ విషయంలో ఉదహరించరు. రికార్డింగుకు అనుమతి, రాత్రికి ఇంత అన్న ప్రతిఫలం గ్రామసభ తీర్మానం ద్వారా నిర్ణయమైతే డోలికి పాత మిరాశిలోని అడిగే హక్కు తిరిగి వస్తుంది. పాత అంతస్తు తేడాకు అందులో చోటు ఉండనక్కరలేదు.

కాపీరైటు చట్టంలోని 39వ సెక్షన్ మాత్రం బోధన, పరిశోధనల కోసం చేసే రికార్డింగును మినహాయించింది. పరిశోధకుడు డోలికి ఏమీ చెల్లించకపోయినా ఆ రికార్డింగు ఉల్లంఘన కాదు. జానపద పరిశోధనలో కథకుడిని ‘సమాచారదాత’ అనడం వాడుక. దాతకు వేతనం ఇవ్వరు కదా! సాధారణంగా క్షేత్రపర్యటన ఖర్చుల్లో ప్రయాణం, పరికరాలు, లిప్యంతరీకరణ ఉంటాయి. కథకుడి రాత్రికి ఒక పద్దు పెట్టడానికి ఏ నియమమూ అడ్డురాదు. రికార్డింగు ప్రతిని గూడెంలో ఉంచడానికీ, కథ ప్రచురణకు మరోసారి అనుమతి అడగడానికీ అయ్యే ఖర్చు స్వల్పమే. రాత్రంతా పాడిన వ్యక్తి పేరు సిద్ధాంతగ్రంథాల్లో వయసు, కులం, గ్రామం వివరాలతో సహా చివరి అనుబంధపు పట్టికలో దర్శనమిస్తుంటుంది. పాఠాన్ని సేకరించినవారి పేరు ముఖపత్రం మీద ఉన్నప్పుడు, పాఠాన్ని మోసినవారి పేరు అక్కడికి ఎందుకు చేరకూడదన్నది పర్యవేక్షకులు, పరిశోధక సంఘాలు నిర్ణయించవలసిన విషయం.