ప్రోస్టేటు శస్త్రచికిత్స అనంతరము ఇంటివద్ద

ఆసుపత్రినుండి ఇంటికి చేరుటతో చికిత్స ముగిసినదని పలువురు తలంతురు. ప్రోస్టేటు గ్రంథి కాన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొనినవారి విషయమున ఇది సరికాదు. ఆసుపత్రిలో గడచునవి కొలది దినములు మాత్రమే. కోలుకొనుటకు పట్టు నెలలన్నియు ఇంటివద్దనే గడపవలసియుండును.

ఛత్తీసుగఢు రాష్ట్రమున రాయపూరు పరిసరములలో ఈ చికిత్సకు ఇప్పుడు వసతులు పెరిగినవి. నగరమున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కలదు. 2018లో నయా రాయపూరులో ప్రత్యేకముగా కాన్సరు చికిత్సకై బాల్కో మెడికల్ సెంటరు వెలసినది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి కొలిమి రగిలిన కాలమునుండి పనులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున అనేకము కలవు. ఆ కుటుంబములలోని పెద్దలు పలువురు నేడు ఈ వ్యాధి తరచుగా కనిపించు వయస్సుననున్నారు. ఈ వ్యాసము వారిని, వారికి పరిచర్య చేయువారిని ఉద్దేశించినది.

ప్రోస్టేటు గ్రంథి మూత్రాశయమునకు దిగువన, మూత్రనాళమును చుట్టుకొనియుండును. దానిని పూర్తిగా తొలగించిన పిమ్మట వైద్యుడు మూత్రాశయపు అంచును మిగిలిన నాళముతో కలిపి కుట్టును. ఆ కుట్టు మానువరకు మూత్రము కాథెటరు అనబడు మెత్తని గొట్టముద్వారా వెలుపలికి పోవును. సామాన్యముగా అది ఒకటి రెండు వారములుండును. ఈ దినములలో ఇంటివారు ఎక్కువ శ్రద్ధ వహింపవలసినది దీనియందే.

గొట్టమును తాకుటకు ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గొట్టము శరీరమును వెలువడు చోట దినమునకు రెండుమారులు సబ్బునీటితో శుభ్రపరుపవలెను. పసుపుగాని, పొడులుగాని, నూనెలుగాని అచట పూయరాదు. మూత్రపుసంచి ఎల్లప్పుడును మూత్రాశయమునకంటె దిగువగా ఉండవలెను, కాని నేలను తాకరాదు. గొట్టము మెలిపడకుండ, లాగుకొనిపోకుండ తొడకు అతికించియుంచుట మంచిది. నడకలో గాని, మలవిసర్జన సమయమున గాని మూత్రము కొంచెము ఎఱ్ఱబారినచో భయపడ నవసరము లేదు. నీరు త్రాగి విశ్రమించినచో అది తేటపడును.

ఒక్క సంగతి మాత్రము నొక్కి చెప్పవలసియున్నది. గొట్టము దానంతట అది ఊడివచ్చినను, మూత్రము నిలిచిపోయినను, పొరుగుననున్న కాంపౌండరును పిలిచి మరల గొట్టము పెట్టింపరాదు. చేయి మంచివాడని పేరున్నను సరే. లోపలి కుట్టు పచ్చిగానున్నందున, ఆ సంగతి తెలియనివాడు గొట్టమును త్రోసినచో కుట్టు తెగవచ్చును. అర్ధరాత్రియైనను శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రికి ఫోను చేసి, వారు చెప్పినట్లు పోవలెను. అదే కారణముచే ఎనీమా కూడ నిషిద్ధము.

ముక్కుట కుట్టుకు హాని. కనుక మలబద్ధము రానీయరాదు. మజ్జిగ, ఆకుకూరలు, పండ్లు, చాలినంత నీరు దీనికి సాధనములు. చాలనిచో వైద్యుని అడిగి ఇసబ్గోలు పొట్టు వాడవచ్చును. గొంతుకూర్చుండుట కష్టమైనచో కొన్నాళ్లు కమోడు కుర్చీ వాడుట మేలు. నాలుగైదు కిలోలకు మించిన బరువు ఆరు వారములవరకు ఎత్తరాదు. నీళ్ల బిందె, గ్యాసు సిలిండరు, చంకనెక్కు మనుమడు, అన్నియు ఈ లెక్కలోనివే. సైకిలు, స్కూటరు కూడ వైద్యుడు అనుమతించువరకు మానవలెను.

నడక మాత్రము మొదటి దినమునుండియు అవసరము. మంచమున పడియున్నవారికి కాలి సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. రాయపూరునుండి విజయనగరము, శ్రీకాకుళము వైపు స్వగ్రామములకు పోగోరువారు వైద్యుని అనుమతి లేనిదే ఆ దీర్ఘమైన రైలు ప్రయాణమునకు పూనుకొనరాదు. ఒక పిక్క వాచి నొప్పిపెట్టినను, 100.4 డిగ్రీలకు మించి జ్వరము వచ్చినను, మూత్రమున రక్తపుగడ్డలు పడినను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. ఊపిరాడనిచో వెంటనే 108కి ఫోను చేయవలెను.

గొట్టము తీసిన పిమ్మట అసలు కష్టము ఆరంభమగును. దగ్గినపుడు, లేచినపుడు మూత్రము చుక్కలు చుక్కలుగా పడును. దీనిని బయటకు చెప్పుకొనలేక నీరు త్రాగుట మానినవారును, పెండ్లిండ్లకు పోవుట మానినవారును కలరు. నీరు తగ్గించిన మూత్రము చిక్కబడి మూత్రాశయమును మరింత రేపును. తగ్గింపవలసినవి టీ, కాఫీలు. చాలమందికి కొలది నెలలలో ఇది సర్దుకొనును. కొందరికి సంవత్సరము పట్టును. అంతవరకు మందుల దుకాణమున దొరకు మెత్తలు వాడుటలో సిగ్గు లేదు.

దీనికి అపానవాయువును ఆపునట్లు కటి కండరములను బిగించు వ్యాయామము కలదు. అయిదునుండి పది సెకండ్లు బిగించి, అంతసేపు వదలి, పదిమారులు చేయవలెను. దినమునకు మూడు పర్యాయములు. ఊపిరి బిగబట్టరాదు. గొట్టము ఉన్నంతకాలము దీనిని చేయరాదు.

దాంపత్య విషయమును గూర్చి వైద్యుని అడుగుటకు మనవారు జంకుదురు. అంగస్తంభనకు కారణమైన నరములు ఆ గ్రంథిని ఆనుకొనియే పోవును. వానిని కాపాడినను శక్తి మరల వచ్చుటకు ఒకటి రెండు సంవత్సరములు పట్టవచ్చును. వీర్యము మాత్రము ఇక వెలువడదు. మందులు కలవు. కాని గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడువారికి వానిలో కొన్ని ప్రాణాంతకములు; కనుక సొంతముగా కొని మ్రింగరాదు. భార్యకు కూడ ఈ సంగతులు తెలిసియుండుట ఉభయులకును ఊరట.

ఖర్చు విషయము. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద చికిత్స పొందినవారికి, ఇంటికి పంపిన తరువాత 15 దినములవరకు మందులు, పరీక్షలు కూడ పథకములోనివే. కాగితములు అర్థము కానిచో గ్రామమున మితానిన్‌ను అడుగవచ్చును. ఛత్తీసుగఢున ఆశా కార్యకర్తను ఆ పేరుతోనే పిలుతురు.

ఆరు, ఎనిమిది వారములకు పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష చేయుదురు. గ్రంథి లేదు కనుక ఆ అంకె దాదాపు శూన్యమునకు దిగవలెను. ఆపైన కూడ ఈ పరీక్ష కొన్ని నెలలకొకమారు, అనేక సంవత్సరములు జరుగవలెను. ప్రతి ఫలితమును తేదీతో ఒకే పుస్తకమున వ్రాసి, తొలగించిన గ్రంథి పరీక్ష నివేదికతోపాటు భద్రపరుపవలెను. అంకె మరల పెరిగినచో రేడియేషను చికిత్సకు అవకాశము కలదు. అది మొదటనే ఇచ్చినచో ఎక్కువ ఫలించును గనుక, శరీరమున ఏ బాధయు లేదని పరీక్ష మానుకొనరాదు.