నీటిమీద గీత

పరుగుపందెములో ఎవరు ముందున్నదీ చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. తెరచాప పడవల పందెములో అట్లు కాదు. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురుపోజాలదు. ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుచు పోవలెను. కనుక పోటీపడు రెండు పడవలు చెరియొక దిక్కునకు పోవుచున్నట్లు కనబడును. గాలికి అడ్డముగా ఒక గీత గీచినచో, దానికి పైగాలి వైపున నున్న పడవయే ముందున్నది. కాని నీటిమీద గీత నిలుచునా?

2013లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమున జరిగిన అమెరికా కప్ పందెములలో ఆ గీతను టెలివిజన్ చిత్రముపై గీచిరి. ఆ పందెములలో ఒరాకిల్ జట్టు 1–8గా వెనుకబడి, తుదకు న్యూజీలాండు జట్టుపై 9–8తో గెలిచినది. గీతల పనికి నాయకుడు స్టాన్ హనీ అను ఇంజనీరు. అమెరికా ఫుట్‌బాల్ ప్రసారములలో 1998లో కనబడిన పసుపుగీత కూడ ఆయన బృందము పనియే. అయితే ఆటస్థలము కదలదు, కెమెరాయు కట్టిన చోటనే యుండును. ఇచ్చటనో, పడవలు కదలును, కెమెరాను మోయు హెలికాప్టరును కదలును.

పడవల స్థానమును ఉపగ్రహ సంకేతములతో సుమారు 2 సెంటీమీటర్ల వరకు సరిగా కనుగొనిరి. అసలు చిక్కు కెమెరా కోణములో నున్నది. కిలోమీటరు దూరమున డిగ్రీలో పదవవంతు తప్పినను గీత సుమారు 1.7 మీటర్లు జరిగిపోవును. విద్యార్థులు త్రికోణమితితో సరిచూచుకొనవచ్చును. అందుచే హెలికాప్టరు వంపును, కెమెరా తిరుగుడును క్షణక్షణము కొలచి గీతను మరల మరల లెక్కకట్టవలసివచ్చెను.

ఈ కొలతలు ప్రేక్షకులకే గాక తీర్పరులకును పనికివచ్చెను. పడవ హద్దు దాటినదా, లేదా అనుటకు వారు ఆ అంకెలనే చూచుచుండిరి.