సూది వేసేటప్పుడు బిడ్డ తల్లి ఒడిలోనే ఉండాలి

"పసిగుడ్డుకు నొప్పేం తెలుస్తుంది సిస్టర్, గబుక్కున పొడిచేయండి" అని వార్డులో పెద్దవాళ్లు అంటుంటారు. ఒకప్పుడు చాలామంది డాక్టర్లూ అలాగే అనుకునేవారు. మన దేశంలో వైద్యం చదివిన డాక్టర్ ఆనంద్, డాక్టర్ హికీతో కలిసి 1987లో రాసిన వ్యాసం ఆ అభిప్రాయాన్ని మార్చడానికి ఎంతో దోహదపడింది. నెలలు నిండని బిడ్డకు కూడా నొప్పి తెలుస్తుంది. ముఖం చూడండి: కనుబొమలు ముడుచుకుంటాయి, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, పిడికిళ్లు బిగుస్తాయి. బాగా నీరసంగా ఉన్న బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా ఉండదు. ఏడవలేదని నొప్పి లేదనుకోకండి.

విటమిన్ కె ఇంజక్షను, బి.సి.జి., హెపటైటిస్-బి టీకాలు తప్పవు. కామెర్లు, థైరాయిడ్ పరీక్షలకు మడమ నుంచి రక్తం తీస్తాము. వీటికి నొప్పి మందులు వాడము. తల్లిపాలు ఉన్నాయి గదా! సూదికి రెండు మూడు నిమిషాల ముందే బిడ్డకు రొమ్ము పట్టించండి. చక్కగా చీకుతున్నప్పుడు మా పని మేము చేస్తాము. అయిపోగానే విడదీయకండి. పాల తీపి, చీకడం, అమ్మ ఒంటి వెచ్చదనం అన్నీ కలిసి నొప్పిని తగ్గిస్తాయి. టీకాలప్పుడు పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో చెప్పింది. పొలమారుతుందేమో, రొమ్మంటే భయం పడుతుందేమో అని కొందరు అడుగుతారు. పరిశోధనల్లో అలాంటిదేమీ కనబడలేదు.

"బాలింత చూసి తట్టుకోలేదు" అని అమ్మమ్మ బిడ్డను ఎత్తుకొని తానే వస్తుంది. ప్రేమతోనే లెండి. అయినా అమ్మమ్మగారూ, తల్లినే రానివ్వండి. ఆపరేషనై లేవలేకపోతే మమ్మల్ని పిలవండి, ట్రే మంచం దగ్గరికే తెస్తాము.

తల్లి దగ్గర లేనప్పుడు తండ్రి చొక్కా విప్పి, బిడ్డను గుండెల మీద నిలువుగా పడుకోబెట్టుకొని, పైన దుప్పటి కప్పాలి. 1978లో కొలంబియాలో మొదలైన కంగారూ పద్ధతి ఇదే. సూదికి పది పదిహేను నిమిషాల ముందే మొదలుపెట్టండి. బయటికి తీయకూడని బిడ్డయితే చేతులు శుభ్రంగా కడుక్కొని, ఒక అరచెయ్యి తల మీద, రెండోది మడిచిన కాళ్ల మీద ఆనించి, కడుపులో ఉన్నట్టే ముడిచి పట్టుకోండి. నిమరవద్దు, చేతులు కదలకుండా ఉంచితే చాలు.

తేనె మాత్రం నాకించకండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇంట్లో కలిపిన పంచదార నీళ్లూ వద్దు. అవసరమైతే చక్కెర ద్రావణం మేమే కొలిచి చుక్కల్లో వేస్తాము.

ఆరో వారం టీకాలకు వచ్చేటప్పుడు పాలివ్వడానికి వీలైన బట్టలు వేసుకోండి. బయల్దేరే ముందే కడుపునిండా పట్టేయకుండా, కాస్త ఆకలి మిగిల్చి తీసుకురండి.