తెరచాప పడవలో ప్రాణరక్షక తెప్ప

హుస్సేన్ సాగరముపై తెరచాప పడవలు పోవుట సికింద్రాబాదు వాసులకు నిత్యము కనబడు దృశ్యమే. ఆ చెరువులో పడవ తిరుగబడినను రక్షకనావ కొద్ది నిమిషములలో వచ్చి చేరును. ఒంటిపై తేలుకోటు ఉన్న చాలును. సముద్రము మాట వేరు. హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి మరి నలుగురు నౌకాదళ వనితలతో కలిసి 56 అడుగుల ‘తారిణి’పై 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, 2018 మేలో భూమిని చుట్టి వచ్చిరి. చెరువున నేర్చినవారికి కడలిపై మనసు పోవుట సహజము. అట్టివారు ముందుగా విచారింపవలసినది తెప్పను గూర్చియే.

ఈ తెప్ప మన పల్లెకారులు దుంగలు కట్టి చేసికొను తెప్ప వంటిది కాదు. రబ్బరు పూసిన గట్టి గుడ్డతో చేసి, మడిచి, పెట్టెలో బిగించి యుంతురు. దాని తాడును చివరివరకు లాగి ఒక కుదుపు కుదిపినచో, లోపలి సీసానుండి బొగ్గుపులుసు వాయువు వెలువడి తెప్ప ఉబ్బును. పైన గుడారము వంటి కప్పు లేచును.

ఎంపికలో మొదటి ప్రశ్న ఎందరికి అన్నది. పెద్దది కొన్న మేలు గదా యని తోచును. కాని తెప్పను అలలపై నిలుపునది చాలవరకు అందు కూర్చున్నవారి బరువే. ఎనిమిదిమందికి చేసిన తెప్పలో ఇద్దరే కూర్చున్నచో గాలికి తేలికగా తిరుగబడును. కావున పడవలో సాధారణముగా పోవువారి సంఖ్యకు సరిపడునది కొనవలెను. అడుగున నీరు నిండు బరువుసంచులు, వెనుకకు ఈడ్చు నీటిలంగరు ఉన్నవో లేవో చూడవలెను. ఐ.ఎస్.ఓ. 9650 అను అంతర్జాతీయ ప్రమాణములో దూరయానమునకు తగిన తరగతి తెప్పలు రెండు విధములు: ఒకటి సున్నకు దిగువ 15 డిగ్రీల చలిలోను ఉబ్బునది, రెండవది సున్న డిగ్రీలవరకు పనికివచ్చునది. మన సముద్రములకు రెండవది చాలును.

ఇక ఉంచు చోటు. ఏరు దాటి తెప్ప తగులబెట్టువారిని గూర్చి సామెత కలదు. ఏరు దాటక ముందే తెప్పను చాపలక్రింద, వంటసామానుక్రింద పూడ్చువారిని గూర్చి సామెత లేకుండుట లోపమే! నాలుగైదుగురికి సరిపడు తెప్ప ముప్పది నలుబది కిలోల బరువుండును. ఊగుచున్న పడవలో దానిని లోపలి గదినుండి మెట్లమీదుగా మోసికొని వచ్చుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. పడవపందెముల నిబంధనలు తెప్పను 15 సెకండ్లలో పడవ అంచునకు చేర్చగలుగవలెనని కోరుచున్నవి. ఇంటి ముంగిట గడియారము పెట్టుకొని పరీక్షింపవచ్చును. సంచిలోని తెప్ప చవుకయే కాని, తడి తగులని ప్రత్యేకమైన అర కావలెను. గట్టి పెట్టెలోనిదానిని పైతట్టున తొట్టెలో బిగింపవచ్చును. తాడు కొనను పడవలో బలమైన కొక్కెమునకు ముందే కట్టియుంచవలెను. కట్టక విసరిన తెప్ప గాలితో పోవును. నీటి ఒత్తిడికి తనంతట విడివడు మరకూడ కలదు. పడవ నాలుగు మీటర్ల లోతునకు పోకముందే తెప్పను వదలును.

అయితే తెప్ప యున్నదని పడవను తొందరపడి విడువరాదు. 1979లో ఇంగ్లండు తీరపు ఫాస్ట్‌నెట్ పందెమున తుపానులో 24 పడవలను నావికులు విడిచిపోయిరి. మునిగినవి 5 మాత్రమే. తక్కినవి పిదప దొరికినవి. తెప్పలు తిరుగబడి, చినిగి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. 2018 సెప్టెంబరులో అభిలాష్ టామీ దక్షిణ హిందూ మహాసముద్రమున తెరకొయ్య విరిగి, వెన్నుకు దెబ్బ తగిలి, మూడు దినములు తన నావలోనే పడియుండగా ఫ్రెంచి ఓడవారు రక్షించిరి. పడవ క్రుంగి, తెప్పలోనికి పైకి ఎక్కవలసి వచ్చినప్పుడే విడువవలెనని అనుభవజ్ఞుల మాట. నిప్పంటుకొన్నప్పుడు మాత్రము ఈ నియమము వర్తింపదు.

తెప్పలో నిచ్చు నీరు స్వల్పము. కాబట్టి నీరు, మందులు, 406 మెగాహెర్ట్‌జ్ ఆపత్సంకేత యంత్రము గల సంచియొకటి ప్రక్కనే ఉంచవలెను. ఆ సంకేతము ఉపగ్రహములద్వారా బెంగుళూరులోని కేంద్రమునకు చేరును. తీరమునుండి బంధువులు తీరరక్షక దళమునకు తెలుపవలసినచో టెలిఫోను సంఖ్య 1554. తెప్పను తయారీదారు చెప్పిన గడువున విప్పించి పరీక్ష చేయింపవలెను. మన ఎండలకు పైతట్టుననున్న పెట్టెపై తెల్లగుడ్డ కప్పుట మంచిది, తాడు కొన మాత్రము దానిక్రింద చిక్కుపడరాదు.