ఐరిష్ పూర్వికుల జాడ: అన్వేషణ అమెరికాలోనే మొదలవ్వాలి

పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి, ముఖ్యంగా ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతం నుంచి, వేలాది కుటుంబాలు అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాలకు తరలివెళ్లాయి. వారి స్వస్థలాన్ని వెతికే నేటి వారసులకు తొలి అవరోధం ఆధారాల కొరతే.

ఓడ ప్రయాణికుల జాబితాలను అమెరికా ప్రభుత్వం క్రమబద్ధంగా సేకరించడం 1820లో గానీ మొదలుకాలేదు. ఐర్లాండ్‌లో జననాలన్నిటినీ ప్రభుత్వం నమోదు చేయడం 1864లో ఆరంభమైంది. అంతకు పూర్వపు వీలునామాలు, జనగణన పత్రాలు, చర్చి రిజిస్టర్లు పెద్దసంఖ్యలో 1922 జూన్ 30న అగ్నికి ఆహుతయ్యాయి. అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఆ రోజు దగ్ధమైంది.

అందువల్ల వలసదారు స్థిరపడిన చోటే శోధన ప్రారంభించాలి. పెన్సిల్వేనియా, వర్జీనియా వంటి చోట్ల లభించే వీలునామాలు, భూమి దస్తావేజులు, సమాధి ఫలకాల్లో స్వస్థలం పేరు దొరకవచ్చు. దస్తావేజుల్లోని సాక్షులను, ఇరుగుపొరుగువారిని కూడా పరిశీలించాలి. ఒకే ప్రాంతంవారు కలిసి వలస వెళ్లి, పక్కపక్కనే స్థిరపడటం పరిపాటి.

స్థలం తెలిశాక ఐర్లాండ్ వైపు తిరగవచ్చు. డబ్లిన్‌లో 1708 నుంచి నమోదైన ఆస్తి దస్తావేజులు వేరే కార్యాలయంలో ఉండటంతో మంటల బారిన పడలేదు. 1796 నాటి అవిసె సాగుదారుల జాబితా కూడా లభ్యమవుతోంది. కాలిపోయిన పత్రాలకు ఇతరచోట్ల మిగిలిన నకళ్లను సేకరించిన డిజిటల్ భాండాగారం 2022లో అందుబాటులోకి వచ్చింది.

అయితే పేరు కలిసినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. ఒకే పేరున్నవారు ఒకే పారిష్‌లో పలువురు ఉండేవారు. పేరుతోపాటు స్థలం, కాలం, బంధువుల వివరాలూ సరిపోలినప్పుడే ఆ వంశవృక్షం నమ్మదగినదవుతుంది.