రసము, నీరు, సొన, ఊట

విజయనగరం జిల్లాలోని కొత్తవలస మామిడికి పేరుపడిన ఊరు. వేసవి వచ్చిందంటే చుట్టుపట్ల తోటల కాయ అక్కడి బజారుకు చేరి, అక్కడినుండి కలకత్తా మొదలైన దూరపు ఊళ్ళకు వెళుతుంది. కొన్నేండ్ల క్రితం ఆ తోటలనుగూర్చి రైతుల కార్యక్రమానికి ఒక ప్రసంగం వ్రాస్తూ, నేను సువర్ణరేఖ పండును ‘రసవంతమైన ఫలము’ అని వర్ణించాను. ప్రసారానికి ముందు ఆ పాఠం చదివి వినిపించగా, వృద్ధుడైన ఒక తోటరైతు నన్ను ఆపివేశాడు.

“అలా అనకండి బాబూ! రసం పండని చెబితే దూరపు బేరగాడు ధర తెగ్గోస్తాడు” అన్నాడు.

నేను తెల్లబోయాను. సువర్ణరేఖలో రసం లేదా? లేకేమి, ఉన్నది. కాని ‘రసం’ అన్నది మామిడి బజారులో గుణం పేరు కాదు, తెగ పేరు. చేతితో మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిల్లుచేసి జుర్రుకొనేది రసం. కత్తితో చెక్కలు కోసి తినేది వేరు. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం మొదటి తెగవి. బంగినపల్లి, సువర్ణరేఖ రెండవ తెగవి. మొదటిది పండి మెత్తబడిన పిమ్మట దూరప్రయాణానికి అంతగా ఓర్చదు. అనగా నేను మెచ్చుకోలుగా వేసిన విశేషణం, ఆ ముసలాయన సరుకుకు దోషం ఆరోపించినట్లయింది! విశ్వవిద్యాలయంలో నేర్చిన మాటకు బజారులో ఇంత వెల ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తప్పు నిఘంటువులది కూడ కాదు. అమరసింహుడు మామిడికి ‘రసాలము’ అని పేరు చెప్పినాడు. చెరకుకూ అదే పేరు చెప్పినాడు. ఆయనకు కోసి తినే మామిడీ రసాలమే. సంస్కృతపు ‘రసాలము’ ఏకవచనం, మన బజారులోని ‘రసాలు’ బహువచనం; పోలికను చూచి రెండింటినీ ఒకటి చేయరాదు.

ఆనాటినుండి ఈ మాటలమీద నా ధ్యాస మళ్ళింది. రసం నిండిన వస్తువును చెప్పడానికి మనకు ఒక్క మాట లేదు. ఏ వస్తువులో ఏ ద్రవమున్నదో, అది ఏ తీరున వెలికి వస్తుందో తెలిసికొని గాని తెలుగువాడు నోరు విప్పడు. ఉద్దానం కొబ్బరినే చూడండి. కాయ కొట్టగానే వచ్చేవి నీళ్ళు. ఆ కోరునే పిండితే వచ్చేవి పాలు. కొబ్బరి రసం అని ఎవరైనా అంటే, ఆయన వంటింటి ముఖం చూడలేదని గ్రహించవచ్చు. ముంజలో ఉన్నదీ నీరే, పుచ్చకాయలో ఉన్నదీ నీరే. నిమ్మలో మాత్రం రసం. రుచి చిక్కగా ఉన్నది రసం, పలుచగా ఉన్నది నీరు అని స్థూలంగా చెప్పుకొనవచ్చును. అందుకే చప్పని మామిడిని కొరికి, అది ఎంత కారుతున్నా, ‘నీళ్ళగా ఉన్నది’ అని పారవేస్తాము.

పలాస ప్రాంతపు జీడిమామిడి మరింత చిత్రం. పండులో ఉన్నది రసం. నమిలి మింగి పిప్పి ఉమ్మివేస్తారు. దాని క్రింద వ్రేలాడే గింజ పెంకులో ఉన్నది జీడి. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఒకే కాడకు రెండు ద్రవాలు, రెండు పేర్లు! మామిడికాయ తొడిమనుండి కారేది సొన. అది పడినచోట కాయ నల్లబడుతుంది గనుక, కోసిన కాయలను తొడిమ క్రిందికి ఉండునట్లు నిలిపి సొన కార్చివేస్తారు. వీటన్నింటినీ ఇంగ్లీషు చదివిన మనం ‘జ్యూసు’ అని ఊరుకుంటున్నాము.

ఇక ద్రవం వెలికివచ్చే తీరు. లోపలినుండి నెమ్మదిగా పుట్టేది ఊరుతుంది. అడ్డు లేనిది కారుతుంది. పైన తేమగా మెరిసేది చిప్పిలుతుంది. ‘చిప్పిలు’ కావ్యాలలో నిలిచిపోయింది, ‘ఊరు’ మాత్రం ఇంటింటా ఉన్నది. ఊరగాయ ఆ ధాతువుదే. మాగాయకు ఉప్పు కలిపిన ముక్కలు విడిచే పులుసు ఊట. ముక్కలను ఎండబెట్టి మళ్ళీ ఆ ఊటలోనే వేస్తారు. అది ఊటే గాని రసం కాదు, ఎందుకంటే అది తానై దిగినది.

కొత్తవలసకు దగ్గరలోనే ఉన్న భీమాళిలో మామిడి రసాన్ని చాపలపై పొరమీద పొరగా పోసి ఎండకు ఆరవేసి తాండ్ర చేస్తారు. అక్కడ రసం పోతుంది, సారం మిగులుతుంది. రసమంటే ద్రవం, సారమంటే అది ఎండినా పోని బలం. కనుకనే భూమిని సారవంతమంటాము, రసవంతమనము. రసం పిండుకొనగా మిగిలినది పిప్పి. మనుష్యులనుగూర్చి వాడినప్పుడు ఆ మాట ఎంత కఠినమో చెప్పనక్కరలేదు.

పండును విడిచి ఊరేగిన మాటలూ ఉన్నవి. ఎండిన చెట్టును నీరసతరువు అన్నారు సంస్కృత కవులు. మనకు నీరసం జ్వరం తగ్గిన తరువాత వస్తుంది. సరసము రసంతో కూడినది. దానిని పరిహాసానికీ వాడినాము, వ్యాపారానికీ వాడినాము. రసం ఇసుమంతయు లేని ఇనుప మేకులు సైతం ‘సరసమైన ధరలకు’ దొరుకుతున్నవి. ‘రసవంతము’ క్రమంగా ఉపన్యాసాలకూ నాటకాలకూ అంకితమైపోయింది. దానిని మళ్ళీ పండుమీదికి తేవడం నా పొరపాటు.

ప్రసంగంలో ఆ మాట కొట్టివేసి, ‘కోసి తినదగిన తీయని పండు’ అని దిద్దినాను. ముసలాయన మరొకమారు చదివించుకొని, “పీచు తక్కువని కూడ వ్రాయండి” అన్నాడు. వ్రాసినాను.